విద్య కోసం విదేశయాత్ర: చూసి వచ్చినదానికి సాక్ష్యం

ఇటీవల ఒక సోదరుడు మా వద్దకు వచ్చారు. ఆయన కుమారుడు బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాడు. కళాశాలలో ఒక కాగితం పంచారు. వేసవి సెలవుల్లో పది రోజుల విదేశీ విజ్ఞానయాత్ర, అమెరికాలో అంతరిక్ష కేంద్రం సందర్శన, తిరిగి వచ్చాక ఒక ప్రాజెక్టు నివేదిక, దానిపై ఒక సర్టిఫికెట్. ఖర్చు లక్షల్లో ఉంది. తండ్రి చేతిలో అంత సొమ్ము లేదు. వడ్డీకి తెస్తే దొరుకుతుంది. ఇంట్లో ఎం.ఎస్సీ. సీటు కోసం ఎదురుచూస్తున్న కూతురు కూడా ఉంది.

"విద్య కోసం చైనా వరకైనా వెళ్ళమన్నారు కదా భాయ్‌సాబ్! పిల్లవాణ్ణి ఆపితే పాపం కాదా?" అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సైన్సు చదివే పిల్లలున్న ఎన్నో ముస్లిం కుటుంబాలు ఈ సందిగ్ధాన్ని ఎదుర్కొంటున్నాయి. కనుక దీనిని కాస్త నిదానంగా ఆలోచిద్దాం. ఏ ప్రయాణం విద్య కోసం చేసిన ప్రయాణమవుతుంది? దూరం వల్లనా, ఖర్చు వల్లనా, లేక మరి దేనివల్లనైనానా?

ముందుగా ఆ మాట గురించి

చైనా మాట మన సభల్లోనూ, పాఠశాలల గోడలపైనా తరచూ కనిపిస్తుంది. అయితే హదీసు విద్వాంసులు దీనిని దైవప్రవక్త (స) ప్రవచనంగా ప్రామాణికమని అంగీకరించలేదు. హిజ్రీ ఆరవ శతాబ్దికి చెందిన ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్మ) దీనిని కల్పిత హదీసులపై తాము కూర్చిన గ్రంథంలో చేర్చారు. మంచి మాటే కదా, ఎవరన్నదైతేనేం అనుకోవటానికి వీల్లేదు. ఆయన (స) అనని మాటను ఆయనకు అంటగట్టటం ఎంత ఘోరమో ప్రామాణిక హదీసులు తీవ్రంగా హెచ్చరించాయి.

వాస్తవానికి విద్యార్జనకు బయలుదేరటానికి ఆ మాట మనకు అవసరం కూడా లేదు. జ్ఞానాన్వేషణలో ఒక బాట పట్టినవానికి అల్లాహ్ స్వర్గబాటను సులభం చేస్తాడన్న శుభవార్త సహీహ్ ముస్లింలో ఉంది. భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభమయిందో పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అన్‌కబూత్ సూరాలో ఆదేశిస్తోంది. సైన్సు విద్యార్థికి ఇంతకంటే ప్రోత్సాహం ఏం కావాలి?

మన పూర్వీకులు సుదూర ప్రయాణాలు చేసింది కూడా మాటల నిగ్గు తేల్చటానికే. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉదంతం చూడండి. దైవప్రవక్త (స) నోట స్వయంగా ఒక హదీసు విన్న సహచరుడు సిరియా దేశంలో ఉన్నారని ఆయనకు తెలిసింది. వెంటనే ఒక ఒంటెను కొని, నెల రోజులు ప్రయాణించి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) ఇంటి ముందు దిగారు. ఆ మాట వినకముందే తమలో ఎవరికైనా మరణం సంభవిస్తుందేమోనని ఆయన భయం. ఒక్క మాట కోసం నెల రోజుల ప్రయాణం! మన పిల్లలు పది రోజుల్లో పది స్థలాలు చూసి వస్తున్నారు. ఆయన వెంట తెచ్చుకున్నది ఒకే ఒక్క మాట. కాని అది విన్నవారి నోటి నుంచే తాను విన్న మాట.

ఒకే బాట, రెండు సంకల్పాలు

కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న హదీసు మనలో పిల్లలకు కూడా తెలుసు. కాని అందులో దైవప్రవక్త (స) ఇచ్చిన ఉదాహరణ ఒక ప్రయాణానిదేనన్న సంగతిని మనం అంతగా పట్టించుకోము. ఇద్దరూ హిజ్రత్ చేస్తారు. ఒకరు అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం బయలుదేరారు. మరొకరు ప్రాపంచిక లాభం కోసమో, వివాహం కోసమో బయలుదేరారు. బాట ఒకటే, అలసట ఒకటే, ప్రతిఫలం మాత్రం వేరు.

మేము ఆ తండ్రితో పాటు వచ్చిన అబ్బాయిని అడిగాం: "బాబూ, అక్కడ నీవు చూడాలనుకుంటున్నది ఏమిటి?" అతను కాసేపు మౌనంగా ఉండి, "మా క్లాసులో అందరూ పేర్లు ఇచ్చారు అంకుల్" అన్నాడు. అతను నిజమే చెప్పాడు, అందుకు అతణ్ణి అభినందించాం. కాని ఆ జవాబులో విద్య ప్రస్తావన లేదు.

కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రయాణ వృత్తాంతం ఉంది. ఆయన స్వయంగా ప్రవక్త. అయినా తనకు తెలియనిది తెలిసిన ఒక దైవదాసుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరారు. ఎవరి వద్దకు వెళుతున్నదీ, ఎందుకు వెళుతున్నదీ ఆయనకు తెలుసు. గమ్యం దాటిపోయామని తెలియగానే తమ అడుగుజాడల వెంటే వెనక్కి వచ్చారు. గురువు షరతులకు తలవంచారు. ఓర్పు వహించలేకపోయిన చోట దానిని ఒప్పుకున్నారు. విజ్ఞానయాత్రకు వెళ్ళే విద్యార్థికి ఇందులో పూర్తి పాఠం ఉంది. ఏ ప్రశ్న తీసుకువెళుతున్నావు? ఎవరిని అడుగుతావు? అర్థం కానిదాన్ని అర్థం కాలేదని ఒప్పుకోగలవా?

సొమ్ము ఎవరిది?

వడ్డీ విషయంలో ఎక్కువ చర్చ అనవసరం. దివ్య ఖుర్ఆన్ వడ్డీని నిషేధించింది. పది రోజుల యాత్ర ప్రాణావసరం కాదు. దాని కోసం హరామ్ తలుపు తట్టటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కాని ఇంట్లో ఉన్న హలాల్ సొమ్ము సంగతి ఏమిటి? ఇక్కడ మరొక ఉదంతం గుర్తు చేసుకోవాలి. హజ్రత్ బషీర్ (రజి) తన కుమారుడు నూమాన్‌కు ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. 'నీ సంతానంలో అందరికీ ఇలాగే ఇచ్చావా?' అన్న భావంతో ఆయన (స) ప్రశ్నించారు. లేదని తెలిశాక సాక్ష్యానికి నిరాకరించారు. సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు.

సోదరులారా! కొడుకు పది రోజుల యాత్రకు లక్షలు వెతికే చేయి, కూతురి రెండేళ్ళ చదువు దగ్గర ఎందుకు ముడుచుకుంటుంది? అమ్మాయిల దూరప్రయాణానికి సంబంధించి ధర్మవేత్తలు చెప్పిన షరతులు ఉన్నాయి. వాటిని ఆలిముల వద్ద విచారించుకోవాలి. కాని ఆ షరతులు ఆమె చదువు ఖర్చు తప్పించుకోవటానికి సాకు కారాదు. ఆ కానుకకు సాక్షిగా నిలబడని ప్రవక్త (స) అనుచరులం మనం.

నివేదిక అంటే సాక్ష్యం

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వద్దాం. ఈ యాత్రల చివర ఒక ప్రాజెక్టు నివేదిక రాయిస్తారు. చాలామంది దీనిని లాంఛనంగా భావిస్తారు. ఎక్కడి నుంచో నాలుగు పుటలు ఎత్తి రాసి, ఫొటోలు అంటించి ఇచ్చేస్తారు. తర్వాత ఉద్యోగ దరఖాస్తులో 'నాసాలో శిక్షణ పొందాను' అని రాసుకుంటారు.

ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రానికి ఒక సందర్శకుల ప్రాంగణం ఉంది. టికెట్టు కొన్న ఎవరైనా అందులోకి వెళ్ళవచ్చు. చంద్రుని వద్దకు మనుషులను చేర్చిన తరహా శాటర్న్-5 రాకెట్టును అక్కడ చూడవచ్చు. నిలబెడితే దాని ఎత్తు సుమారు 111 మీటర్లు. అంతరిక్షానికి వెళ్ళి వచ్చిన అట్లాంటిస్ నౌక కూడా అక్కడే ఉంది. వాటిని కళ్ళారా చూడటం గొప్ప అనుభవమే. ఒక పల్లెటూరి కుర్రవాని మనసులో అది జీవితాంతం నిలిచిపోవచ్చు. అందులో తప్పేమీ లేదు. హద్దుల్లో ఉన్న విహారం ధర్మసమ్మతమే. కాని చూడటం వేరు, శిక్షణ పొందటం వేరు. విహారాన్ని విహారమని చెప్పినంతకాలం అది హలాల్. దానికి శిక్షణ అని పేరు పెట్టిన క్షణాన అది అబద్ధపు సాక్ష్యం అవుతుంది. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోరపాపాల్లో లెక్కించారు. ఆ కాగితాన్ని నమ్మి ఉద్యోగమిచ్చినవాడు మోసపోతాడు. నిజం రాసిన మరో అభ్యర్థి వెనుకబడిపోతాడు. ఇది దాసుల హక్కులకు సంబంధించిన విషయం.

క్రీ.శ. 973లో ఖ్వారిజ్మ్‌లో జన్మించిన అబూ రైహాన్ అల్‌బిరూనీ మహమూద్ గజనవీ కాలంలో హిందూదేశానికి వచ్చారు. సంస్కృతం నేర్చుకొని, ఇక్కడి పండితులను అడిగి తెలుసుకొని, సుమారు 1030లో ఈ దేశంపై గొప్ప గ్రంథం రచించారు. దాని ఆరంభంలోనే ఆయన విన్నదానికీ కన్నదానికీ మధ్య గల వ్యత్యాసాన్ని చర్చించారు. స్వార్థం కోసం అబద్ధం చెప్పేవారు, తెలియక ఇతరుల మాటలు వల్లించేవారు, ఇలా వార్తలు చేరవేసేవారిలోని రకాలను వివరించారు. ఇతరుల విశ్వాసాలను తాను ఖండించటానికి కాదు, ఉన్నది ఉన్నట్టు తెలపటానికే రాస్తున్నానని స్పష్టం చేశారు. నేటి పాకిస్తాన్‌లోని నందనా కోట వద్ద కొండ ఎత్తును, కొండపై నుంచి కనిపించే దిగంతపు వాలును కొలిచి భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టారు. పూర్వీకుల లెక్కలు ఆయనకు తెలుసు. అయినా తానూ కొలిచి చూశారు. నివేదిక రాసే ప్రతి విద్యార్థికీ ఆయన మంచి ఆదర్శం. 'ఇది నేను చూశాను, ఇది విన్నాను, ఇది చదివాను' అని మూడింటినీ వేరు చేసి రాస్తే చాలు, ఆ నివేదిక చిన్నదైనా అది విద్య అవుతుంది.

తెరిచి ఉన్న తలుపులు

యాత్ర కొనుక్కుంటేనే దొరుకుతుందని భ్రమపడవద్దు. జపాన్ ప్రభుత్వ విజ్ఞాన సంస్థ 2014లో 'సకురా సైన్స్' పథకాన్ని ప్రారంభించి ఆసియా దేశాల యువకులను స్వల్పకాలిక విజ్ఞాన పర్యటనలకు ఆహ్వానించటం మొదలుపెట్టింది. జర్మనీకి చెందిన డాడ్ సంస్థ 'వైజ్' పేరుతో భారతీయ డిగ్రీ విద్యార్థులకు వేసవిలో అక్కడి ప్రయోగశాలల్లో పనిచేసే అవకాశం కల్పిస్తూ వచ్చింది. ఇలాంటివాటికి షరతులుంటాయి, పోటీ ఉంటుంది. నెగ్గినవారు ఒక విషయం మరువరాదు. ఆ ఖర్చు మరొక దేశ ప్రజల సొమ్ము. అది అమానతు. వీసా కూడా ఒక ఒప్పందమే. ఒప్పందాలను నెరవేర్చటం విశ్వాసి లక్షణం. ఇక ప్రయాణీకునికి నమాజులో సౌలభ్యం ఉంది గాని, నమాజు నుంచి సెలవు లేదన్నది గుర్తుంచుకోవాలి.

దగ్గరి తలుపులూ ఉన్నాయి. భారత విజ్ఞాన అకాడమీ ఏళ్ళుగా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తూ డిగ్రీ విద్యార్థులను దేశంలోని శాస్త్రవేత్తల వద్దకు పంపుతోంది. సెప్టెంబరు 26 సి.ఎస్.ఐ.ఆర్. సంస్థాపన దినం. ఆ సందర్భంగా హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి ప్రయోగశాలలు ప్రజలకు తలుపులు తెరుస్తుంటాయి. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగాన్ని ప్రజలు ప్రత్యక్షంగా చూసే గ్యాలరీ 2019లో ఏర్పడింది. ఇంటి పక్కనున్నదాన్ని ఎన్నడూ చూడని కన్ను, సముద్రాలు దాటినంత మాత్రాన చూడటం నేర్చుకోదు.

మేము ఆ సోదరునికి ఫత్వా ఇవ్వలేదు. అది మా పని కాదు. మూడు ప్రశ్నలు మాత్రం ఆయన ముందుంచాం. అబ్బాయి ఏ ప్రశ్నకు జవాబు కోసం వెళుతున్నాడు? ఆ సొమ్ము హలాల్‌దేనా, అందులో ఇంట్లో మరొకరి హక్కు కలిసిపోలేదు కదా? తిరిగి వచ్చాక అతను రాసేదానికి ప్రళయదినాన జవాబు చెప్పుకోగలడా? మూడింటికీ మనసు స్థిమితపడితే బిస్మిల్లాహ్ అని పంపవచ్చు. లేదంటే ఆగటం పాపం కాదు.

వెళుతూ వెళుతూ అబ్బాయి గుమ్మం దగ్గర ఆగి, "సకురా దరఖాస్తుకు ఏమేం కావాలి అంకుల్?" అని అడిగాడు. కళాశాల అధ్యాపకుణ్ణి అడగమని చెప్పాం. ఈసారి అతని దగ్గర తనదైన ప్రశ్న ఒకటి ఉంది.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, హలాల్ మార్గాన్నీ, చూసినదాన్ని చూసినట్టు చెప్పే ధైర్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.