సరమ అడిగిన ప్రశ్న

గృహస్థునకు కోవెలకు పోవు దారియు, అంగడికి పోవు దారియు తఱచుగా ఒకటియే అయి యుండును. తిరుపతిలో నివసించువారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కరలేదు. శ్రీ గోవిందరాజస్వామివారి సన్నిధికి పోవుచు కర్పూరము కొనువారును, కర్పూరము కొనుటకై వచ్చి గోపురమునకు చేతులు జోడించువారును ఒకే వీథిలో నడచుచుందురు. సన్నిధిలో మనమెట్లుందుమో స్వామి చూచుచున్నాడని అందఱమును తలంతుము. వీథిలో కూడ చూచుచున్నాడను మాట మాత్రము మఱచుచుందుము. నేను మఱచిన ఒక ఉదయమును గూర్చి మనవి చేసికొందును.

అది ద్వాదశి. పారణవేళ మించకుండ ఇల్లు చేరవలెనని తొందర. అవిసె ఆకు, ఉసిరికాయలు, తులసి కొనవలెను. ఇంటిలోని వృద్ధులకు మందులు తీసికొనవలెను. స్నానము చేసి, తిరుమణి శ్రీచూర్ణములు ధరించి, మడిసంచియు గొడుగును పట్టుకొని బయలుదేరితిని. మందుల దుకాణము వద్ద చిల్లర లేక కొంత ఆలస్యమైనది. దారిలో తలనీలాలు సమర్పించి వచ్చిన యాత్రికుల కుటుంబ మొకటి కపిలతీర్థమునకు దారి అడిగినది. వారి భాష నాకు సరిగా తెలియదు. నడచుచునే ఒక దిక్కునకు చేయి చూపి సాగిపోతిని.

తులసి అమ్ము అవ్వ బుట్ట ప్రక్కన గోధుమవన్నె కుక్క ఒకటి పడుకొని యున్నది. దాని చెవి కొన కత్తిరింపబడి యున్నది. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, పిచ్చివ్యాధి రాకుండ టీకా వేసి, మరల తన వీథిలోనే విడిచిన కుక్కకు పెట్టు గుర్తు అది. నేను వంగి డబ్బు లెక్కించుచుండగా అది లేచి ఒడలు విరుచుకొన్నది. దాని మూతి నా సంచికి తగులునేమో అను శంకతో గొడుగుతో ఒక్క దెబ్బ వేసితిని. అది అరచుచు వీథికి అడ్డముగా పరుగెత్తినది. ఆటో నడుపు అబ్బాయి గట్టిగా బ్రేకు వేయుటచేత బ్రదికినది.

అవ్వ తులసిమాల కట్టుట ఆపి, "అదేం జేసింది సామీ? నీ సంచి ముట్లేదే, నీ మింద పడలేదే!" అన్నది.

నాకు జవాబు తోచలేదు. మాల తీసికొని వచ్చితిని.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మహాభారతము ఆదిపర్వమున, కథారంభమునకు చేరువలోనే, దీనిని ఒక కుక్క అడిగినది. జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా దేవశుని యగు సరమ కొడుకు అక్కడికి పోయినది. రాజు తమ్ములైన శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికడకు పోయి, తాను హవిస్సును నాకలేదనియు, చూడనైన చూడలేదనియు చెప్పినది. సరమ యజ్ఞశాలకు వచ్చి, ఏ తప్పును చేయని నా బిడ్డను ఎందుకు కొట్టితిరని అడిగినది. వారు మాఱు పలుకలేదని ఒక పాఠమున గలదు. అన్ని మంత్రములు తెలిసినవారున్న ఆ శాలలో ఆ ఒక్క మాటకు జవాబు లేకపోయెను! ఊహింపని భయము నీకు కలుగునని ఆమె శపించినది. రాజు కలతపడి, ఆ పాపమును శాంతింపజేయగల పురోహితునికై వెదకి, శ్రుతశ్రవుని కుమారుడగు సోమశ్రవుని వరించెను. నన్నయభట్టారకుడును ఈ కథను తెలుగున చెప్పియున్నాడు.

ఆచారమును పాటింపవలదా అని కొందఱు అడుగవచ్చును. పాటింపవలెను. కుక్క ముట్టిన వస్తువును నైవేద్యమునకు వాడరాదను నియమమును నేనును పాటింతును. కాని సంచిని పైకెత్తుటకు పట్టు కాలము గొడుగును పైకెత్తుటకు పట్టు కాలముకంటె ఎక్కువ కాదు గదా! వైశ్వదేవము చేసిన పిమ్మట కుక్కలకును కాకులకును నేలపై అన్నము పెట్టుమన్నదియు మడి చెప్పిన శాస్త్రమే. అట్లని దయ యనగా ఏమరుపాటు కాదు. కుక్క కఱచినచో గాయమును సబ్బుతో ధారనీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసరు మందులతో కాలము గడుపరాదు.

శ్రీమద్భాగవతము నవమస్కంధమున రంతిదేవుని కథ మీరు వినియే యుందురు. 48 దినములు ఆయనకు నీరైనను దొరకలేదు. తరువాత నేయి, పాయసము మున్నగునవి లభింపగా, తినబోవు వేళకు అతిథులు వరుసగా వచ్చిరి. మూడవవాడు కుక్కలను వెంటబెట్టుకొని వచ్చి, నేనును ఇవియు ఆకలిగొంటిమనెను. రంతిదేవుడు మిగిలినదంతయు పెట్టి, ఆ కుక్కలకును వాటి యజమానికిని నమస్కరించెను. పెట్టువారు లోకమున చాలమంది కలరు. పెట్టి నమస్కరించిన గృహస్థు ఎంత ఆకలితో నుండెనో చూడుడు! నాది ఒక్క దినపు ఉపవాసము. అదియు పాలు పండ్లతో.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఉదయము జరిగినదంతయు తలచుకొనగా, ఆ యాత్రికులు గుర్తుకు వచ్చిరి. నేను చేయి చూపిన దిక్కు సరియైనదేనా? వారితో ఒక ముదుసలి యుండెను, చెప్పులు లేవు. ఎండలో ఎంత దూరము నడచి, మరల ఎవరిని అడిగిరో! కుక్కను మరల చూడవచ్చును, అది ఆ వీథిదే. వారిని నేనెక్కడ చూతును? అవ్వవలె నన్ను నిలువబెట్టి అడుగుటకు వారి కడ నా భాష లేదు.

మరుసటి ద్వాదశికి గొడుగు ఇంటనే విడిచి పోతిని. కుక్క బుట్ట ప్రక్కనే యున్నది. నన్ను చూచి లేచి, అవ్వ వెనుకకు పోయి నిలిచినది.

"గొడుగు మర్చిపోతివా సామీ?" అని అవ్వ అడిగినది.

"లేదవ్వా, ఇంట్లోనే పెట్టి వచ్చినాను."

ఆమె వెనుకకు తిరిగి కుక్కను చూచి, "దానికి తెల్లేదు సామీ, ఇంగా కొన్నాళ్ళు పడ్తాది" అని తులసి నా సంచిలో వేసినది.