అనధ్యయనము

పరకాల వంటి యూరిలో పోటీపరీక్షకు చదువుచున్న యువకుడు అరగంటకొకసారి పుస్తకము మూసి లేచినచో, ఇంటి పెద్దలు శ్రద్ధ లేదని గద్దింతురు. విశ్రాంతి పనిలోని భాగమా? లేక పనినుండి దొంగిలించిన కాలమా?

వేదపాఠశాలల మర్యాద ఇందుకు చక్కని సమాధానము చెప్పుచున్నది. అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినములని మనుస్మృతి నాల్గవ అధ్యాయము విధించినది. పాడ్యమియు అట్టిదే. సుందరకాండలో సీతమ్మ కృశించిన తీరును వానరులకు వర్ణించుచు హనుమంతుడు, పాడ్యమినాడు చదువువాని విద్యతో ఆమెను పోల్చినాడు. ఆ విద్యార్థి సోమరి కాడు. మానవలసిన దినమునను మానని వాడు. అయినను చిక్కిపోయినది వాని విద్యయే!

ఇటలీ దేశీయుడు ఫ్రాన్చెస్కో చిరిల్లో 1980ల చివర, విద్యార్థిగా నున్నపుడు, టొమాటో ఆకారపు వంటయింటి గడియారమును ముందుంచుకొని ఒక నియమము నేర్పరచుకొనెను. 25 నిమిషములు ఏకాగ్రముగా పని, 5 నిమిషములు విరామము, నాలుగు పర్యాయములైన పిమ్మట దీర్ఘవిరామము. మన గడియ 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిపై నుంచగా, అది నిండి మునుగు కాలమే గడియ. అంతమాత్రమున ఆ పద్ధతి మనదేయని చాటుకొన నక్కరలేదు. గడియ కాలమానమే కాని పనికొలత కాదు.

శ్రీవైష్ణవులకు ఇంతకంటె దగ్గరి ప్రమాణము కలదు. పాంచరాత్రము దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని అయిదు కాలములుగా విభజించినది. వేదాంతదేశికులు పాంచరాత్రరక్షలో ఈ విషయమును విపులముగా చర్చించిరి. ఉపాదానమనగా భగవదారాధనకు వలయు ద్రవ్యములను సమకూర్చుకొనుట. సంపాదనకు దినమున ఒక్క భాగమే! ఆ వేళ ముగిసినపుడు, లాభము చేతికందుచున్నను లేవవలసినదే. చిరిల్లో పద్ధతిలో విరామము మరల పనికొరకు. పంచకాలములలో పనియే ఆరాధనకొరకు. ఈ భేదమును మరచి గడియారమును మాత్రమే గ్రహించినవాడు మరింత పని చేయునేమో కాని, ఎందులకు చేయుచున్నాడో యెరుగడు.

విరామమునకు ముందే హద్దుండవలెను. విసుగు పుట్టినపుడెల్ల లేచుట విరామము కాదు, పలాయనము. అయిదు నిమిషములకని చేతబట్టిన సెల్‌ఫోను అరగంటను మ్రింగుచున్నది. అది కన్నులకును విశ్రాంతి కాదు, మనస్సునకును కాదు. అంతకంటె నాలుగడుగులు నడచి మంచినీరు త్రాగివచ్చుట మేలు.

అయితే ఎప్పుడు లేవవలెనో తానే నిర్ణయించుకొనగలవాడు భాగ్యవంతుడు. ఓరుగల్లు సీమ పల్లెలలో ప్రొద్దెక్కిన తరువాత చేనిలో పని ఆపి సద్ది తిను వేళకు 'అంబటాళ్ళ' యని పేరు. అంబలి త్రాగు వేళ యని దాని భావము. ఆ కూర్చుండుటను సోమరితనమని ఏ రైతును అనడు. కాని పత్తి ఏరు స్త్రీకి ఏరిన తూకమునుబట్టి కూలి యిచ్చునపుడు, గట్టున కూర్చున్న ప్రతి నిమిషమును ఆమెకు నష్టమే. అందుచే ఎండలోనే వంగి ఏరుచుండును. అట్టియామెతో 'కొంతసేపు కూర్చుండుము తల్లీ' యని నోటితో అనుట సులభము. చెట్టునీడను, త్రాగునీటిని చూపి, కిలోకింత యని కూలి కట్టునపుడు ఆమె సేదదీరు వేళను గూడ లెక్కలోనికి తెచ్చుట చేను గలవాని వంతు.