అద్వితీయత – ద్వితీయాపేక్ష: క్రైస్తవంలో తండ్రి కుమారుల ప్రేమ

ప్రేమించడం సకర్మక క్రియ. ప్రేమించేవాడు ఉన్నాడంటే ప్రేమకు పాత్రమైనవారు కూడా ఉండాలి. యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం దేవుడు ప్రేమగలవాడని చెప్పి ఊరుకోదు. ఆయన ప్రేమస్వరూపి అంటుంది. మరి లోకం పుట్టకముందు, మనుషులుగాని దేవదూతలుగాని లేనప్పుడు ఆ ప్రేమకు కర్మ ఎవరు? సృష్టి జరిగిన తరువాతే దేవుడు ప్రేమించసాగాడంటే, ప్రేమ ఆయన స్వభావం కాక మధ్యలో వచ్చిచేరిన గుణమవుతుంది. క్రైస్తవ చింతన ఇచ్చే సమాధానం కుమారుడు. యోహాను సువార్త 17వ అధ్యాయంలోని ప్రార్థనలో, జగత్తుకు పునాది పడకముందే తండ్రి తనను ప్రేమించాడని యేసు అంటాడు.

ఈ కుమారునికి తెలుగు బైబిలు వాడిన విశేషణం 'అద్వితీయ'. గ్రీకు మూలంలోని 'మోనోగెనేస్' అన్న మాటకు ఒక్కగానొక్కడు, సాటిలేనివాడు అని అర్థం. అనువాదకులు ఎంచుకున్న సంస్కృతపదం మాత్రం మన పాఠకునికి ఛాందోగ్యోపనిషత్తును స్ఫురింపజేస్తుంది. అక్కడ అద్వితీయమంటే రెండవది లేనిది. ఇక్కడ అదే మాట తండ్రి సన్నిధిలో రెండవవానిగా నిలిచినవానికి అన్వయించింది. దీన్ని అనువాదంలో వచ్చిన చిక్కుగా తీసిపారేయవచ్చు. నాకు మాత్రం సమస్య అంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నట్లు తోస్తుంది. బృహదారణ్యకంలో (1.4) ఒంటరియైన ఆదిపురుషుడు ఆనందించలేక ద్వితీయాన్ని కోరుకుంటాడు. అక్కడ ద్వితీయాపేక్షకు మూలం లోటు. క్రైస్తవం చెప్పే తండ్రికి ఆ లోటు లేదు; ఆయన ఒంటరిగా ఉన్న క్షణమే లేదు గనుక.

నాలుగో శతాబ్దిలో అలెగ్జాండ్రియాకు చెందిన మతగురువు అరియస్ కాదన్నది దీన్నే. కుమారుడు ఎంత ఘనుడైనా సృష్టింపబడినవాడేననీ, ఆయన లేని దశ ఒకటి ఉండేదనీ అతని వాదం. 325లో నైసియా సభ దాన్ని తిరస్కరించింది. కుమారుడు అనాది కాకపోతే దేవుడు అనాదిగా తండ్రి కాజాలడని అతనేషియస్ ప్రతివాదం. 'తండ్రి' సంబంధవాచకం గదా! పన్నెండో శతాబ్దిలో పారిస్‌లోని సెయింట్ విక్టర్ మఠానికి చెందిన రిచర్డ్, ఆత్మప్రేమ పరిపూర్ణ ప్రేమ కాదనీ, అది మరొకరివైపు సాగాలనీ, ఇద్దరి ప్రేమ మూడవవానితో పంచుకున్నప్పుడే నిండుతుందనీ త్రిత్వాన్ని సమర్థించాడు.

ఇంతవరకు తర్కం సాఫీగా సాగింది. గెత్సేమనే తోటలో అది తడబడుతుంది. మార్కు సువార్త 14వ అధ్యాయంలో యేసు అరామిక్ భాషలో 'అబ్బా' అని పిలుస్తాడు. (మన భాషలో అది నొప్పికి వచ్చే మాట కావడం యాదృచ్ఛికమే; అయినా ఆ సన్నివేశంలో వింటే ఉలికిపాటు కలుగుతుంది.) తెలుగు అనువాదం అక్కడ 'నాయనా' అంటుంది. రాబోయే బాధను తప్పించమని వేడుకొని, చివరకు తన ఇష్టం కాదు, తండ్రి ఇష్టమే జరగాలంటాడు. తండ్రి బదులు పలికినట్లు మార్కు రాయలేదు. కన్నకొడుకును మృత్యువుకు అప్పగించి మౌనం వహించిన తండ్రిది ప్రేమేనా?

కుమారుని విధేయతే ప్రేమకు రుజువన్న సమాధానం నాకు తృప్తినివ్వదు. విధేయత భయంవల్ల కూడా పుడుతుంది. గమనించవలసింది దానికి ముందున్న వేడుకోలు. తన ఇష్టం వేరని కుమారుడు దాచలేదు. ఏడో శతాబ్దిలో మాక్సిమస్ ఈ ప్రార్థన ఆధారంగానే క్రీస్తులో నిజమైన మానవేచ్ఛ ఉందని వాదించాడు; 680–81లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ పక్షాన నిలిచింది. దైవస్వభావంలో తండ్రి కుమారుల ఇచ్ఛ ఒక్కటే. కాబట్టి తోటలో జంకినదీ, సమ్మతించినదీ ఆ మానవేచ్ఛే. అది ముందే లయించిపోయి ఉంటే మిగిలేది ఏకత్వం. దాన్ని ప్రేమ అనలేం.

సిలువపై కేక ఇంకా కఠినమైనది. మార్కు 15వ అధ్యాయంలో యేసు 22వ కీర్తన తొలి మాటలతో, ఎందుకు విడిచావని అడుగుతాడు. అక్కడ 'నాయనా' లేదు. దేవుడన్న పిలుపే ఉంది. యుర్గెన్ మోల్ట్‌మన్ 1972లో ప్రచురించిన 'సిలువ వేయబడిన దేవుడు' గ్రంథంలో ఆ కేకను తండ్రివైపునుంచి కూడా విన్నాడు: కుమారుడు మరణవేదన పడితే తండ్రి పుత్రశోకం పడ్డాడు. దేవుడు నిర్వికారుడన్న పూర్వసిద్ధాంతానికి ఇది విరుద్ధం. పైగా శోకం ఉన్నంతమాత్రాన నైతికప్రశ్న తీరదు. దశరథుని శోకం రాముని వనవాసాన్ని ఆపలేదు. కాని శోకమే లేని తండ్రి విషయంలో ప్రేమ అన్న మాటకు అర్థమేమిటో చెప్పడం ఇంకా కష్టం.

లూకా సువార్తలో యేసు చివరి పలుకులో 'తండ్రీ' అన్న సంబోధన తిరిగి వస్తుంది. మార్కులో రాదు. సంప్రదాయం ఈ రెండింటినీ ఒకే గ్రంథంలో పక్కపక్కనే ఉంచింది. ఒకదానికి అనుగుణంగా మరొకదాన్ని దిద్దలేదు.