క్రొత్త పళ్లచక్రములు



కోలారు బంగారు గనులు 2001లో మూతపడినను, బండ్ల పని మన ఊరికి క్రొత్త కాదు. ఎంత వేగపు కారైనను, డిఫరెన్షియల్‌లో క్రొత్త క్రౌన్, పినియన్ బిగించిన దినముననే తరుమరాదు. పళ్ల సందు సరిచూచి, క్రొత్త ఆయిల్ పోసి, పావుగంట మెల్లగా నడిపి, ఆపి, చల్లారనియ్యవలెను. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగనీయక, పిదప ఇనుప రజను కలిసిన ఆ ఆయిల్ మార్చవలెను. తొందరపడితే వేడికి పళ్లు చెడి ఊళపెట్టును. అప్పుడు సరిచేయుట లేదు, మార్చుటయే.

ఈస్టరుకు బాప్తిస్మము పొందిన యౌవనునికి మరుసటి వారమే సండేస్కూలు, కానుకల లెక్కలు, వీధి సువార్త! ఏడాదికి అతడు గుడికి రాకుంటే, చల్లారిపోయెనందురు. చల్లారనిచ్చిరా అని ఎవరును అడుగరు. నూతన విశ్వాసిని గూర్చి 1 తిమోతి 3:6 కమిటీలో చదువుడి. ఏడాది నిండనివారికి ఒక్క పని, తోడుగా ఒక పెద్దను ఇయ్యవలెనని కోరుచున్నాము.