తివాచీ అడుగున ఇసుక

ఏలూరు తివాచీల కార్ఖానాలో మగ్గం ముందు కూర్చుని జీవితమంతా ఉన్ని ముడులు వేసిన ఒక పెద్దాయనకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ చదువుకుని అమెరికా వెళ్ళి, టెక్సాస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఒకే కాలనీలో రెండు వీధుల ఎడంగా ఇళ్ళు కొనుక్కున్నారు. కట్టినవాడు ఒక్కడే కాబట్టి రెండిళ్ళూ ఒకే తీరు. కింద హాల్లో చెక్క నేల. మెట్ల మీద, పై పడగ్గదుల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బిగించిన కార్పెట్, అడుగు వేస్తే వేళ్ళు కూరుకుపోయేంత మందం. గృహప్రవేశాలకి తండ్రి తన చేత్తో నేసిన ఉన్ని తివాచీలు చెరొకటి పంపాడు. అవి హాల్లో సోఫాల ముందు పరుచుకున్నాయి.

పెద్దవాడు ఏది కొన్నా అంకెలు చూసి కొంటాడు. వాక్యూమ్ క్లీనర్ కొనబోయే ముందు ఏ మెషిన్ ఎంత గట్టిగా పీలుస్తుందో పక్కపక్కన రాసుకుని, అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నదాన్ని తెచ్చాడు. దాని మూతి బల్లపరుపుగా ఉంటుంది, కింద తిరిగే బ్రష్ లేదు. పడగ్గదిలో ఆన్ చేయగానే అది కార్పెట్‌కి అతుక్కుపోయింది. ముందుకు తోస్తే కదలదు, వెనక్కి లాగితే కార్పెట్‌నే పైకి లేపేలా ఉంది. పెద్దకోడలు పిడి దగ్గరున్న చిన్న కంత తెరిచి, లోపలికి కాస్త గాలి వదిలి, పట్టు తగ్గించుకుని ఎలాగో గది పూర్తి చేసింది. పైన ఒక్క నలుసు లేదు. కార్పెట్ మీద చక్కగా చారలు పడ్డాయి. "ఎంత పట్టో చూశావా!" అని పెద్దవాడు మురిసిపోయాడు.

చిన్నవాడు దుకాణంలో చాలాసేపు నిలబడి, మందపాటి కార్పెట్‌కి గట్టిగా తిరిగే బ్రష్ కావాలని తెలుసుకుని, నిలువుగా ఉండే బరువైన మెషిన్ తెచ్చాడు. మొదటిరోజే దాని డబ్బా ఒకటికి రెండుసార్లు నిండింది. కొత్త కార్పెట్ రాల్చే నూగు, పొడుగాటి జుట్టు, వాటి కింద సన్నటి ఇసుక.

తండ్రి ఆ వేసవికి కొడుకుల దగ్గరికి వచ్చాడు. ఒక ఆదివారం పెద్దవాడింట్లో భోజనాల దగ్గర అన్నదమ్ముల మధ్య మాట పెరిగింది. నా మెషిన్ గొప్పదంటే నాదని. ముసలాయన పెరుగన్నం పూర్తి చేసి, చేయి కడుక్కుని, "ఒరేయ్ పెద్దోడా, పై గది ఒక్కసారి చూపించు" అన్నాడు.

పైకి వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాపిడి తీసినట్టు రెండు చేతుల వేళ్ళతో కార్పెట్ పోగుల్ని విడదీశాడు. మొదళ్ళ దగ్గర గోటితో గీకి, వచ్చినదాన్ని కాగితం రుమాలు మీద పెట్టి చూపించాడు. ఇసుక.

"నిన్ననే కదా వాక్యూమ్ చేశాం మావయ్యగారూ!" అంది పెద్దకోడలు.

"చేశావమ్మా, నీ పనిలో లోపం లేదు. పైనున్నది మొత్తం తీసేశావు. ఇది చెప్పులతో ఇంట్లోకొచ్చి, నడిచేకొద్దీ కిందికి దిగి, పోగుల మొదళ్ళు పట్టుకు కూర్చుంది. వడ్లు నూర్చకుండా ఎవరైనా తూర్పారబడతారా? కంకిని పట్టుకున్న గింజ ముందు రాలాలి. గాలి పని ఆ తర్వాత. మీ మెషిన్‌లో గాలి బోలెడంత ఉంది, నూర్చే చెయ్యి లేదు."

చిన్నవాడి మొహం వెలిగిపోయింది. "అందుకే నాన్నా, మాయింటికి రండి" అన్నాడు.

సాయంత్రం అక్కడికి వెళ్ళారు. పడగ్గదిలో మళ్ళీ అలాగే పోగులు విడదీసి చూశాడు. మొదళ్ళు శుభ్రంగా ఉన్నాయి. "బాగుందిరా" అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. మెట్లు దిగి హాల్లోకి వచ్చేసరికి ఆయన కళ్ళు తన తివాచీ మీద పడ్డాయి. ఒక పక్క కుచ్చులు సగానికి సగం లేవు. సోఫా ముందు, మెషిన్ రోజూ ముందుకీ వెనక్కీ తిరిగే చోట, ఉన్ని పలచబడి రంగు తగ్గింది.

ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. తివాచీ అంచు పట్టుకుని బోర్లా తిరగేశాడు. అరచేత్తో వెనకవైపు వరుసగా తట్టుకుంటూ వెళ్ళాడు. పక్కకి జరిపి చూస్తే చెక్క నేల మీద పిడికెడు ఇసుక.

"ఇంత గట్టి బ్రష్ వాడాను కదా నాన్నా!"

"వాడావు. ఉన్ని అరిగింది, ఇసుక ఇంకా మిగిలింది. పై గదిలో ఉన్నది మిల్లులో చేసిన నైలాను, దెబ్బకి ఓర్చుకుంటుంది. ఇది ముడి వెంట ముడి వేసి నేసిన ఉన్ని. కుచ్చులంటే అలంకారానికి కుట్టినవనుకున్నావేమో, పడుగు దారాల కొసలవి. వాటిని బ్రష్ చుట్టుకుని లాగితే అంచున ముడులు వదులవడం మొదలవుతుంది."

చిన్నకోడలు దగ్గరికొచ్చి కూర్చుంది. "మరి మేం ఏది కొనుక్కోవాలి మావయ్యగారూ?"

"ఇంట్లో ఏం పరిచారో ముందు తెలుసుకోండమ్మా. వేలు పెట్టి దాని మొదలు చూడండి, వెనక్కి తిప్పి చూడండి. ఆ తర్వాత దుకాణానికి వెళ్ళండి."

ఆ వేసవంతా ఆదివారాలు ఒక మెషిన్ ఈ వీధి నుంచి ఆ వీధికి, ఇంకోటి ఆ వీధి నుంచి ఈ వీధికి తిరిగాయి. పడగ్గదులకి తమ్ముడిది, తివాచీలకి అన్నది. తండ్రి ఏలూరు వెళ్ళిపోయాక పెద్దకోడలు, చిన్నకోడలు కలిసి దుకాణానికి వెళ్ళి, బ్రష్‌ని విడిగా ఆపుకునే మీట, మూతి ఎత్తు మార్చుకునే ఏర్పాటు రెండూ ఉన్న మెషిన్లు చెరొకటి తెచ్చుకున్నారు. వాటి మీద పీల్చే శక్తి అంకె పెద్దవాడు మొదట కొన్నదాని కంటే తక్కువే.

నీతి: బలం ఎంతో అడిగే ముందు, మురికి ఎక్కడ కూర్చుందో, దేన్ని పట్టుకుని కూర్చుందో తెలుసుకోవాలి.

ఈ మాట వినడానికి తేలిక, దుకాణంలో నిలబడ్డప్పుడు పాటించడం కష్టం. పెట్టె మీద అంకె ఉంటుంది, మన కార్పెట్ ఆ పెట్టె మీద ఉండదు. పైగా ఆ అంకెల్లో ఒక చిక్కుంది. కిలోపాస్కల్స్‌లో చెప్పే పీల్చే శక్తిని గొట్టం మూతి పూర్తిగా మూసేసి కొలుస్తారు. మూసినప్పుడు లోపల గాలి కదలదు కాబట్టి అంకె గరిష్ఠంగా వస్తుంది. పెద్దకోడలి చేతిలో జరిగిందీ అదే. మూతి మెత్తటి కార్పెట్‌కి అతుక్కుంది, పట్టు బ్రహ్మాండంగా ఉంది, గాలి మాత్రం పారలేదు. దుమ్మును మోసుకుపోయేది పారే గాలి. కాబట్టి పట్టు ఎంతో కాకుండా, మెత్తటి కార్పెట్ మీద పెట్టినప్పుడు కూడా గాలి పారుతుందా అని చూడాలి. ఎత్తు మార్చే చక్రం, మూతి ముందువైపు గాలికి దారి వదిలే కంతలు ఉన్నది అందుకే.

వాట్ల సంగతీ అంతే. వాట్లు మోటారు తాగే కరెంటును చెబుతాయి, చేసే పనిని చెప్పవు. యూరప్‌లో 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు మించిన వాక్యూమ్ క్లీనర్లను మార్కెట్లోకి రానివ్వలేదు. అక్కడి ఇళ్ళ కార్పెట్లు మురికిగా మిగిలిపోలేదు. మూతి, బ్రష్, గాలి దారి మెరుగ్గా చేసి కంపెనీలు తక్కువ వాట్లతోనే పని జరిపించాయి.

ఈ యంత్రం చరిత్రలో కూడా ముసలాయన మాట కనిపిస్తుంది. 1901లో లండన్ ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ దుమ్మును ఊదడం మాని పీల్చాలని ఆలోచించి పెద్ద యంత్రం చేశాడు. దాన్ని గుర్రపు బండి మీద వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. 1902లో ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబీలో తివాచీలు శుభ్రం చేసింది ఆ యంత్రమే. పీల్చడం వరకు బూత్ సాధించాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో జేమ్స్ మరే స్పాంగ్లర్ అనే ఉబ్బసం మనిషి ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముకి ఊపిరాడేది కాదు. ఫ్యాను మోటారు, దిండు గలీబు, చీపురు కర్ర జతచేసి, మూతి దగ్గర తిరిగే బ్రష్ పెట్టి చేత్తో తోసుకునే యంత్రం చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని కొన్న తోలు వస్తువుల వ్యాపారి హూవర్ పేరే తర్వాత లోకమంతా తెలిసింది. నా మటుకు ఇద్దరిలో స్పాంగ్లర్ మీదే గౌరవం ఎక్కువ. మురికితో రోజూ తలపడే మనిషికి మాత్రమే తట్టే ఆలోచన అది.

ఇక తిరిగే బ్రష్‌లలో రెండు జాతులున్నాయి. మూతిలో సొంత మోటారు ఉన్నది ఒకటి. లోపలికొచ్చే గాలి తోపుతోనే తిరిగేది రెండోది, దుకాణాల్లో టర్బో బ్రష్ అంటారు. ఈ రెండోది చవక. పలచటి కార్పెట్ మీద బాగానే తిరుగుతుంది. మందపాటి దానిమీద పోగుల ఒరిపిడికి నీరసించి ఆగిపోతుంది, పైగా దుమ్మును మోయాల్సిన గాలిలో కొంత బ్రష్‌ని తిప్పడానికే ఖర్చవుతుంది. ఇంటినిండా మందపాటి కార్పెట్ ఉన్నవాళ్ళు డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే మోటారు బ్రష్ మీదే పెట్టాలి. తీగ లేని చేతి మెషిన్లు ముచ్చటగా ఉంటాయి. వాటి మీద రాసే సమయం మామూలు వేగానికి. గట్టి వేగం పెట్టి మందపాటి కార్పెట్ మీద నడిపిస్తే చాలావాటికి బ్యాటరీ పట్టుమని పది నిమిషాలు రాదు.

కార్పెట్లలో కూడా అన్నిటికీ బ్రష్ పనికిరాదు. పోగుల కొసలు కత్తిరించి నిలబెట్టిన రకానికి తిరిగే బ్రష్ మంచిది. కొసలు కత్తిరించకుండా ఉచ్చుల్లా వదిలిన రకానికి బ్రష్ ఆపేయాలి, ఒక్క ఉచ్చు తెగి పట్టుబడితే దారం వరుసంతా ఊడివస్తుంది. చాలా పొడుగు పోగులుండే షాగ్ రకం బ్రష్‌కే చుట్టుకుంటుంది. ఉన్ని తివాచీకి బ్రష్ లేని మూతితో, పోగు వాలిన దిక్కునే నడపాలి. కుచ్చుల్ని వదిలేయాలి. అప్పుడప్పుడూ బోర్లా తిరగేసి వెనక తట్టాలి.

పిల్లలకి ఆయాసం, తుమ్ములు ఉన్న ఇంట్లో వెనకనుంచి బయటికొచ్చే గాలి కూడా చూసుకోవాలి. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల నలుసుల్లో 99.97 శాతం ఆపుతుంది. కానీ ఫిల్టరు చుట్టూ సందులుంటే గాలి ఆ సందుల్లోంచే పోతుంది, అందుకని మెషిన్ మొత్తం బిగుతుగా మూసి ఉన్నదా అని అడగాలి. సంచి ఉన్న రకంలో దుమ్ము సంచితోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. డబ్బా రకాన్ని విదిలిస్తున్నప్పుడు సగం మళ్ళీ మన మొహానికే కొడుతుంది. సంచులు కొంటూ ఉండాలన్నది నిజమే, ఉబ్బసం ఉన్న ఇంట్లో ఆ ఖర్చు గురించి ఆలోచించకూడదు.

మెట్ల మీద కూడా కార్పెట్ ఉంటే కొనే ముందు దుకాణంలో ఒక్కసారి మెషిన్‌ని ఎత్తి చూడాలి. మోసేవాళ్ళే ఎత్తి చూడాలి, డబ్బిచ్చేవాళ్ళు కాదు. ఏ మెషినైనా మందపాటి కార్పెట్ మీద నెమ్మదిగా, ఒకే చోట రెండు మూడుసార్లు పోనివ్వాలి. హడావిడిగా తోసేస్తే బ్రష్‌కి ఇసుకను రాల్చే వ్యవధి దొరకదు. బ్రష్‌కి చుట్టుకున్న జుట్టు నెలకోసారైనా కత్తెరతో తీయాలి.

అమెరికాలో బాగా పనిచేసిందని హైదరాబాదుకో విజయవాడకో పెట్టెలో సర్దుకుని తెచ్చేవాళ్ళు కొందరుంటారు. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. అంత లోడు మోసే ట్రాన్స్‌ఫార్మరు కొంటే అది ఇంట్లో ఇంకో బరువు. ఇక్కడి మార్బుల్ నేలకి, హాల్లో ఒక్క తివాచీకి మోటారు బ్రష్ అవసరమే పడదు. ఆ మెషిన్‌ని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రావడం మేలు.