పూజ్యము పణ్యమగునా?

అమ్మదగిన వస్తువేది, అమ్మరాని వస్తువేది అను ప్రశ్న పైకి అంగడికి సంబంధించినదిగా తోచును. విచారింపగా అది ధర్మమునకు సంబంధించినది. వ్యాకరణకర్తయైన పాణిని సయితము ఈ భేదమును విడువలేదు. అష్టాధ్యాయి అయిదవ అధ్యాయము మూడవ పాదమున ప్రతికృతిని, అనగా బొమ్మను, చెప్పునపుడు మూలశబ్దముపై 'కన్' అను ప్రత్యయమును విధించెను. గుఱ్ఱపు బొమ్మ అశ్వకమగుట దానివలననే. ఆ పాదముననే 99వ సూత్రమున, జీవికకు ఆధారమై యుండియు అమ్మకమునకు కాని ప్రతిమ విషయమున ఆ ప్రత్యయమునకు లోపము చెప్పెను. కావున పూజలందుకొను శివప్రతిమ 'శివకము' గాదు, శివుడే. అంగడిలోని బొమ్మకు 'వంటిది' అను అర్థము తగులుకొనును. ఆరాధనలోనున్న మూర్తికి అది తగులుకొనదు. బంగారము కోరి మౌర్యులు అర్చలను కల్పించిన సంగతిని పతంజలి మహాభాష్యమున ఈ సూత్రముకడనే ప్రస్తావించెను. ఈ చిక్కు నేడు పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది.

పాణిని పేరు వినని, సంస్కృత మెరుగని ఒక జనము సముద్రముల కావల ఈ భేదమునకై నేటికిని పోరాడుచున్నది. వారు హోపీలు. అమెరికా దేశమున అరిజోనా రాష్ట్రపు ఈశాన్యభాగమున, బల్లపరుపుగా నుండు మూడు గుట్టలపైనను వాని చెంతను వారి గ్రామములు గలవు. అది ఎడారి ప్రాయమైన నేల. ఏటికి పది అంగుళములకు అటునిటుగా కురియు వానయే ఆధారముగా వారు తరతరములుగా మొక్కజొన్న పండించుచున్నారు. విత్తనమును లోతుగా నాటి, తడి నిలిచినంతలో పైరు నిలుపుకొందురు. మేఘమును నమ్మి బ్రతుకువారికి ప్రార్థన నిత్యావసరమని వేరుగా చెప్పనక్కఱలేదు.

వారి విశ్వాసమున కట్సీనలు అను దివ్యశక్తులు గలవు. మేఘములకు, పైరులకు, మృగపక్షులకు, సద్వర్తనముతో జీవించి గతించిన పితరులకు సంబంధించిన ఈ శక్తులు రెండువందలకు మించిన రూపములతో నుండును. వీరిని దేవతలని చెప్పుట సరి గాదు; మనుష్యుల మొరలను పైలోకమునకు చేర్చి వానను కొనివచ్చు దూతలని, మిత్రులని చెప్పుట ఉచితము. శీతకాలపు అయనమునాటినుండి వీరు గ్రామములకు విచ్చేయుదురు. ఫిబ్రవరిలో పొవాము అను ఉత్సవము జరుగును. వెచ్చని గదులలో మొలిపించిన చిక్కుడు మొలకలు రానున్న పంటకు శుభసూచకములు. జూలైలో నీమాన్ అను వీడుకోలు ఉత్సవము ముగియగనే వారు పడమటనున్న శాన్‌ఫ్రాన్సిస్కో శిఖరములకు మరలిపోవుదురు. ఆవాహన ఉద్వాసనముల నెరిగిన గృహస్థునకు ఈ రాకపోకలు మిక్కిలి వింతగా తోచవు. దీక్ష నొందినవారికే తెలియవలసిన విషయములు ఇందు పెక్కు గలవు. గురుముఖమున తప్ప గ్రహింపరాని రహస్యములను గౌరవించు సంప్రదాయమువారు వానిని తరచి యడుగుట తగదు.

కట్సీనల ఆకృతితో చెక్కిన చిన్న ప్రతిమను తిహు అందురు. కాటన్‌వుడ్ అను చెట్టు వేరుతో దానిని మలచి, రంగులు పూసి, ఈకలు కూర్తురు. ఉత్సవములలో కట్సీనలే బాలికలకు దానిని ప్రసాదింతురు. ఇంట గోడకో దూలమునకో వ్రేలాడదీయబడి, అది ఆ బాలిక ఆరోగ్యమునకును వృద్ధికిని ఆశీస్సుగా నుండును. పందొమ్మిదవ శతాబ్దాంతమునుండి బయటివారు ఈ ప్రతిమలను కోరి కొనసాగిరి. హోపీ శిల్పులు అమ్మకమునకై వేరుగా చెక్కసాగిరి. అది నేడు ప్రసిద్ధమైన కళ, అనేక కుటుంబములకు జీవనము. ఇది తగదను పెద్దలును వారిలో గలరు. కాని ఉత్సవమున ధరింపబడు ముఖరూపముల విషయమున భిన్నాభిప్రాయము అరుదు. లోకులు వానిని ముసుగులందురు. హోపీలు ఆ మాటకు నొచ్చుకొందురు. వారు వాడు పేరునకు అర్థము 'స్నేహితుడు'. అంగడి పేరు వేరు, ఆరాధనలోని పేరు వేరు. పాణిని కనుగొనిన భేదము ఇచటను భాషయందే నిలిచియున్నది.

2013 ఏప్రిలులో ఇట్టి 'స్నేహితులు' సుమారు 70 పారిస్ నగరమున వేలమునకు వచ్చిరి. హోపీలు నిలుపుమని వేడుకొనిరి. అవి జీవించియున్న లేక మృతుడైన మనుష్యుని శరీరముతో సమానములు కావని న్యాయస్థానము ఆ మొరను త్రోసిపుచ్చెను. ఆనాడే అమ్మకము జరిగి తొమ్మిది లక్షల యూరోలకు పైగా చేకూరెను.

ఇందు పూర్వపక్షులు మూడు మాటలు చెప్పుదురు. కొయ్యయు తోలును ఈకయు జడపదార్థములే కదా యనునది మొదటిది. తాళిబొట్టును కంసాలి త్రాసున బంగారముగానే తూచును, త్రాసు అబద్ధమాడదు. అయినను ఆ తూనికలో ఇల్లాలి మనసు చిక్కదు. బరువు తెలిసినంతమాత్రమున వస్తువు తెలిసినదనుట భ్రాంతి.

ఆ జాతివాడే యొకడు ఎన్నడో అమ్మియుండును గదా యనునది రెండవది. అమ్మినవాడు ఉండవచ్చును, అమ్ముటకు అధికారి కలడా యనునదే ప్రశ్న. హోపీ ధర్మమున ఆ రూపములు ఒకని సొత్తు గావు, సమూహపు సొత్తు; వానిని భద్రపరచువాడు సంరక్షకుడు మాత్రమే. గుడి తాళపుచెవి చేతనున్నంత మాత్రమున అర్చకుడు మూర్తికి యజమాని కాడు. ఒక సమాజపు సొత్తును వ్యక్తి విక్రయింపజాలడను న్యాయమును అమెరికా శాసనమే 1990లో అంగీకరించినది.

సేకరించినవారు కాపాడకున్న అవి పురుగులపాలై యుండెడివి గదా యనునది మూడవది. ఇది బలమైన మాటగా వినబడును. కాని ప్రదర్శనశాలలు పురుగులను చంపుటకై ఇట్టి వస్తువులకు పాషాణము మున్నగు విషములను పట్టించినవి. పిమ్మట కొన్ని తిరిగి స్వస్థలమునకు చేరినప్పుడు, ముఖమునకు చేర్చుకొనవలసినవి ముట్టుకొనుటకే భయపడవలసినవై తేలినవి. వస్తువు నిలిచినది, ప్రయోజనము చెడినది. హోపీలు వానికి మొక్కజొన్నపిండి నివేదించి ప్రాణులవలె పోషింతురు. పోషణ వేరు, నిలువచేయుట వేరు.

కఠినమైన ప్రశ్న ఇంకొకటి మిగిలియున్నది. ఏప్రిలు వేలములో హోపీల పక్షమున వాదించిన న్యాయవాది తానే ఒక రూపమును కొని వారికి అప్పగించెను. డిసెంబరున జరిగిన మరియొక వేలమున ఆనెన్‌బర్గ్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ 24 వస్తువులను 5,30,000 డాలర్లకు కొని, 21 హోపీలకును, 3 శాన్‌కార్లోస్ అపాచీలకును పంపెను. అమ్మరానిదానిని కొనుట మాత్రము దోషము కాదా? చెరనుండి మిత్రుని విడిపించుటకు చెల్లించిన ధనము క్రయము గాదు, విమోచనము. కొన్నవాని సంకల్పము 'నాది' యనుట గాదు, 'వారిది' యనుట. అయినను అట్టి ధనము వెలను పెంచి మరికొందరు విక్రేతలకు ఆశ కల్పింపవచ్చును. కనుక దయ ఆపద్ధర్మమే. న్యాయమే శాశ్వతమైన మందు. ఇట్టి పవిత్రవస్తువుల ఎగుమతిని నిషేధించు శాసనము అమెరికాలో 2022 డిసెంబరున వెలువడినది.

తమిళనాడున పత్తూరు శివాలయపు నటరాజమూర్తి 1976లో భూమినుండి బయల్పడి, చేతులు మారి లండన్ చేరెను. ఆ దేవాలయమే వాదిగా నిలిచి అడుగుటకు హక్కు కలదని అచటి అప్పీలు న్యాయస్థానము 1991లో అంగీకరించి మూర్తిని ఇప్పించెను. పారిస్‌లో వినబడని మొర లండన్‌లో వినబడినది. న్యాయాధిపతులు నటరాజుని భక్తులు కారు. భక్తుల మాటకు విలువ నిచ్చినవారు మాత్రమే. ధర్మము కోరునది అంతియే. ఇతరుల విశ్వాసమును మనము పంచుకొననక్కఱలేదు. అందు ఏది అమ్మదగినదో నిర్ణయించు అధికారము దానిని పోషించువారిదని ఒప్పుకొనిన చాలును.

యాత్రికుడు క్షేత్రమున అమ్మకమునకై చేసిన బొమ్మను కొనుట దోషము గాదు. శిల్పికి అది అన్నము. కాని చందనపు మరక ఆరని పాత మూర్తి ఎచటనైన వెలకు వచ్చినపుడు, 'ఇది ఎంత?' అని యడుగుటకు ముందు 'ఇది ఎవరి ఇంటిది?' అని యడుగవలెను. హోపీల ఆ 'స్నేహితుల' కొఱకు పారిస్‌లో అడుగవలసియుండినదియు ఆ ప్రశ్నయే.