తగులుబడి లెక్క

ధ్యాన భాగం: లూకా 14:25-33

గోపురం కట్టాలనుకున్నవాడు ముందుగా కూర్చుని తగులుబడి లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పాడు. తనను వెంబడించడానికి ఎంత వెల చెల్లించాలో జనసమూహానికి చెబుతూ అన్న మాట అది. లెక్క చూసుకోవడం బుద్ధిగల పని అని ఆయన ప్రత్యేకంగా నేర్పలేదు, అందరికీ తెలిసినదే అన్నట్టు మాట్లాడాడు. ఆ తెలిసిన పనినే మనం దుకాణంలో మరచిపోతుంటాం.

ఏళ్ల తరబడి యాపిల్ కంప్యూటర్ వాడినవాళ్లు చాలామంది ఇప్పుడు అందులోనే ఉండాలా, విండోస్‌కి మారాలా అని మథనపడుతున్నారు. వాళ్ల బాధలో న్యాయముంది. 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ ధర మన దేశంలో రూ. 92,900 దగ్గర మొదలైంది. 2022లో ఎం2 ఎయిర్ వచ్చేసరికి అది రూ. 1,19,900. అమెరికాలోనూ 999 డాలర్ల నుంచి 1,199కి పెరిగింది. మనకు రూపాయి పడిపోవడం కూడా తోడైంది. అందులో 8 జీబీ మెమరీ చాలదనుకుంటే 16 జీబీకి మరో రూ. 20,000 అయ్యేది. ఆ మెమరీని తర్వాత పెంచుకునే వీలు లేదు, కొనేరోజే తేల్చుకోవాలి.

అయితే మారడానికీ తగులుబడి ఉంటుంది. మందిరంలో పాటలు రికార్డు చేసే తమ్ముడు లాజిక్ ప్రో సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి తిరిగినవాడైతే, అది విండోస్‌లో నడవదు. మరో సాఫ్ట్‌వేర్ మొదటినుంచి నేర్చుకోవాలి. ఉత్తరాలు, పిల్లల ఫీజులు, ఆదివారం ఆరాధన ప్రసారం, ఇంతే అవసరమున్న ఇంటికి చవకైన లాప్‌టాప్ చాలు. ఎం1 ఉన్నవాళ్లు అసలు తొందరపడక్కర్లేదు. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో కూడా దానిమీద నడుస్తుంది. అదే ఏడాది ఎం4 ఎయిర్ 16 జీబీతో రూ. 99,900కే వచ్చింది. పెరిగిన ధర పెరిగినట్టే ఉండిపోలేదు.

ఇదంతా కాగితం మీద తేలిపోతుంది. తేలనిది మనసులో ఉంది. ఇన్నాళ్ల అలవాటు, నలుగురిలో కనబడే ఆ యాపిల్ పండు గుర్తు, మారితే చిన్నబోతామేమోనన్న బెంగ. వీటిని లెక్కలో వేయకండి. నమ్మకత్వం దేవునికీ, కట్టుకున్నవారికీ, మాట ఇచ్చిన మనుషులకూ చెందింది. వస్తువు అమ్మినవాడికి మనం బాకీపడింది వెల ఒక్కటే, అది ఇచ్చేశాక ఇంకేమీ లేదు. ఇక కోపంతో వదిలేసినవాళ్లు దాన్ని త్యాగమని అనుకోకూడదు. 33వ వచనంలో ప్రభువు అడిగినది మనకున్నదంతా. చవక వస్తువు కొన్నవాడిలోనూ ధనాపేక్ష ఉండగలదు, ఖరీదైనది కొని దాంతో సేవ చేసేవాడిలో లేకపోవచ్చు.

ఈఎంఐ మాత్రం జాగ్రత్త. నెలకు ఇంతే కదా అనిపించి అసలు ధరను మరపిస్తుంది. ఆ వాయిదా కోసం అమ్మానాన్నల మందులకో, కానుకకో, పిల్లల చదువుకో కోత పడుతుంటే ఆ కంప్యూటర్ మీకొద్దు, ఏ కంపెనీదైనా సరే. డబ్బు కట్టే ముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని ఆ లెక్క చూడండి.

ప్రార్థన: ప్రభువా, అవసరమేదో ఆశ ఏదో తెలుసుకునే వివేకం మాకు దయచేయుము. మా చేతికి వచ్చిన పనిముట్టుతో నీ పని నమ్మకంగా చేయనిమ్ము. ఆమెన్.